నడవనన్నది కాలు కాదు

ఆపరేషన్ అయిన రెండో నెలలో తీసిన ఎక్స్‌రే చూసి ఎముకల డాక్టరుగారు తెగ సంతోషించారు. కీలు చక్కగా కుదురుకుంది, ఇక ధైర్యంగా నడవొచ్చన్నారు. నేను మాత్రం మంచం దిగలేదు.

బాత్రూంలో తడినేల మీద జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఈ వయసులో అక్కడ అతకడం కష్టమని పైనున్న బంతి భాగం తీసేసి లోహపుది వేశారు. మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు కూడా. పడుకున్నకొద్దీ కండ కరిగిపోతుందని, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుందని వాళ్ళ తొందర. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ చెప్పినట్టల్లా విన్నాను. ఇంటికొచ్చాకే మొదలైంది.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. అన్నం ముందు కూర్చుంటే పోపు వాసన కూడా గిట్టేది కాదు. ఆపరేషన్ చేసిన చోటు బాగానే ఉండేది. నడుము, మెడ, అరికాళ్ళు మాత్రం ఒకటే నొప్పులు. ఏడుపు రాలేదు. వచ్చుంటే ఎవరో ఒకరు పట్టించుకునేవారేమో. "అత్తయ్యా, పోనీ పెసరట్టు వెయ్యనా" అంటూ మా కోడలు నానా అవస్థ పడేది. మా వారు "వయసు మీద పడింది కదా, అదే సర్దుకుంటుందిలే" అనేవారు.

ఫిజియోథెరపీకి వచ్చే కుర్రాడు "మామ్మగారూ, ఇవాళ వీధి గుమ్మం దాకా వెళ్దాం" అని రోజూ బయల్దేరదీసేవాడు. గది గడప దగ్గరికి రాగానే వాకర్ ముందుకాళ్ళు తగిలి టక్కుమనేవి. అంతే, అరచేతులకు చెమటలు పట్టి పిడులు జారిపోయేవి. నొప్పి లేదు, మళ్ళీ పడతానేమోనన్న భయం. ఆ భయంతో కూర్చుండిపోతే కాలు ఇంకా నీరసించేది. నీరసించిన కాలుతో పడిపోవడం ఇంకా తేలిక. సంగతి కనిపెట్టింది ఆ కుర్రాడే. "కాలికేం కాలేదండీ, మనసు డాక్టరుకి చూపించండి" అని మా అబ్బాయితో చెప్పాడు.

"పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని మా వారు గొణిగారు. అయినా వెళ్ళాం. ఆ మనసు డాక్టరమ్మ ముందు రక్తపరీక్షలు రాసింది: థైరాయిడ్, బి12, డి విటమిన్, సోడియం. వీటిలో తేడా వచ్చినా మనిషి ఇలాగే డీలా పడిపోతాడట. నాకు డి విటమిన్ ఒక్కటే తగ్గింది. ఆ తర్వాత అవును, కాదు అని చెప్పమంటూ 15 ప్రశ్నలు అడిగింది. పెద్దవాళ్ళ కోసమే తయారుచేసినవట. బతుకు ఖాళీగా అనిపిస్తోందా? బయటికెళ్ళడం కన్నా ఇంట్లో ఉండటమే బాగుందా? నిద్ర, ఆకలి, నొప్పుల ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. అదే అడిగాను. మీ వయసులో అవి వేరే జబ్బుల వల్ల కూడా వస్తాయి, అందుకే వాటిని వదిలేశారంది. డిప్రెషన్ అంది. పెద్దవాళ్ళలో దిగులు చాలాసార్లు కన్నీళ్ళుగా కాక ఒళ్ళునొప్పులుగా బయటపడుతుందట. నా నొప్పులు నటన కాదని ఒక డాక్టరు నోట విన్నందుకే సగం బరువు దిగింది.

రాత్రిపూట వేసుకోమని చిన్న మాత్ర ఇచ్చింది. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని, ఈ మందులతో పెద్దవాళ్ళకి ఒక్కోసారి సోడియం పడిపోతుంది కనుక మళ్ళీ రక్తం చూడాలని చెప్పింది. ముందు నిద్ర దారిలో పడింది. నిద్రపట్టాక నొప్పుల పదును తగ్గింది. నొప్పి తగ్గాక ఆ కుర్రాడి మాట చెవికెక్కింది. వాకర్ ఎత్తి గడప అవతల పెట్టడం, ఆగి ఊపిరి పీల్చుకోవడం, అప్పుడు కాలు వెయ్యడం. వీధి గుమ్మం చేరిన రోజు ఆకలేసింది, అడిగి మరీ పెసరట్టు వేయించుకున్నాను.

ఇప్పుడు చేతికర్రతో పుష్కర ఘాట్ దాకా వెళ్ళొస్తున్నాను. మెట్లు దిగను, పైనే కూర్చుంటాను. బాగుంది కదా అని మానేస్తే తిరగబెడుతుందంది కాబట్టి మాత్ర ఇంకా నడుస్తోంది. ఈమధ్య మా వారు మోకాళ్ళ నొప్పులంటున్నారు, రాత్రిళ్ళు వరండాలో తిరుగుతున్నారు. గుర్తున్నంతవరకూ ఆ ప్రశ్నలు నేనే అడిగాను. నాలుగోదానికే విసుక్కుని లేచిపోయారు. వచ్చేవారం ఆవిడ దగ్గరికే తీసుకెళ్తున్నాను. మోకాళ్ళకనే చెప్పాను.