పనస మాను కోసం కోటిపల్లి రేవు దాటి

గాలివానకి మా పెరట్లో పనసచెట్టు పడిపోయిందని బాబాయి ఫోన్ చేస్తే, బాధకంటే ముందు నాకు ఆశ పుట్టింది. మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. హైదరాబాద్‌లో కొన్న వీణకి రెండో వేసవికే కుండ మీద, అంటే గుండ్రటి బోలు భాగం మీద, బీట పడింది. మనింటి చెట్టుతోనే ఒకటి చేయిస్తే? శుక్రవారం రాత్రే రైలెక్కేశాను.

కాకినాడలో దిగి, రామచంద్రపురం మీదుగా బస్సు. ద్రాక్షారామం రాగానే వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి గుర్తొచ్చారు. 1922లో ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన శిష్యుడు చిట్టిబాబుదేమో కాకినాడ. శకునం బాగానే ఉందనుకున్నాను. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగాను.

చెట్టు ప్రహరీగోడ మీద ఒరిగి ఉంది. బాబాయి అప్పటికే వడ్రంగిని పిలిపించాడు. డెబ్బై దాటిన మనిషి, కుర్రతనంలో మృదంగాలకి చెక్క తొలిచిన చేయి. తాపీగా టీ తాగి లేచి, బాడిస వెనకవైపుతో మాను పొడవునా కొట్టుకుంటూ చెవి ఒగ్గి విన్నారు.

"చెట్టు మంచిదేనండి. కాలవగట్టు కదండీ, నీళ్లు బాగా తాగేసింది."

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగలో వీణంతా తొలుస్తారని నాకు తెలుసు. పనసే ఎందుకు, టేకు ఇంకా గట్టిది కదా అని అడిగాను.

"గట్టిదనం తలుపుకి కావాలండి, వీణకెందుకు?" అన్నారాయన.

ఆ మాట విప్పుకోవడానికి నాకు కాస్త టైమ్ పట్టింది. తీగ ఒక్కటే మోగితే పక్కగదికి కూడా వినపడదు. ఆ అదురు, తీగల్ని మోసే గుర్రం మీదుగా కుండని మూసిన పలకలోకి దిగాలి, పలక కదిలి గాలిని కదపాలి. బరువైన చెక్క కదలదు. మరీ మెత్తని చెక్క అదురుని మింగేస్తుంది. పనస ఈ రెండిటికీ మధ్య ఉంటుంది. పైగా చెదపురుగు తొందరగా పట్టదు. వయొలిన్ పై పలకకి చలిదేశాల్లో పెరిగే స్ప్రూస్ చెట్టు చెక్క వాడేది కూడా ఇందుకే: తేలిక, కానీ బిగువు. తీగల్ని బిగించి, వాటి లాగుడుని తట్టుకోవాల్సిన బిరడాలకి మాత్రం జిట్రేగి లాంటి గట్టి చెక్క కావాలి.

"మరి సన్నాయికో?" అన్నాడు బాబాయి, వాదన దొరికిన సంతోషంతో. అక్కడ లెక్క తిరగబడుతుంది. మోగేది గొట్టంలోని గాలి; చెక్క కదలకుండా ఉండాలి, ఊదేవాడి తడికి పగలకూడదు. అందుకే తమిళనాడులో నరసింగంపేట నాదస్వరాలని ఆచ్చా చెక్కతో, అంటే మన నారయేపితో చేస్తారు. అదీ పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చిన దూలాల్లోంచి.

కోనసీమ వాణ్ణి కాబట్టి అడక్కుండా ఉండలేకపోయాను: కొబ్బరిమానుతో కుదరదా? పెద్దాయన నవ్వాపుకుని, గోడపక్కన నరికి పడేసిన కొబ్బరి మొద్దు చూపించారు. బయట రాయి, లోపల బెండు. మెత్తటి గుజ్జులో చీపురుపుల్లలు గుచ్చినట్టు నారలు. పలక తీస్తే ఒక అంచు ఒకలా, ఇంకో అంచు ఇంకోలా పలుకుతుందట. వాసాలకి మాత్రం దాన్ని మించింది లేదన్నారు, నేను చిన్నబుచ్చుకుంటానేమోనని.

అసలు సంగతి ఆరబెట్టడం. చెక్క ఆరేటప్పుడు అన్నివైపులా ఒకేలా కుంచించుకోదు. వలయాల వెంట ఎక్కువ, బయటి నుంచి నడిబొడ్డు వైపు తక్కువ. గుండ్రటి దుంగని అలాగే వదిలేస్తే చీలేది అందుకే. మా బీట వీణ కథ అప్పుడర్థమైంది. పచ్చి చెక్కని తొందరపడి తొలిచి పాలిష్ వేసి అమ్మేశారు.

మధ్యాహ్నానికి మానుని నిలువునా చీల్చి, నడిబొడ్డు తీసేయించారు. కోసిన చోట పసుపు ముద్దలా ఉంది చేవ. ఏళ్లు గడిస్తే గోధుమరంగుకి తిరుగుతుందట. కోసిన కొసల నుంచే తడి తొందరగా పోతుంది కాబట్టి వాటికి మైనం పూశాం. ముక్కల్ని వసారాలో ఇటుకల మీద, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చాం.

"అంగుళానికి ఏడాదనేవాడండి మా నాన్న."

నా మొహం చూసి ఒక చిన్న ముక్క కోసి బాబాయి చేతిలో పెట్టారు. నెలకోసారి తూకం వేయమన్నారు, బరువు తగ్గడం ఆగితే ఆ ముక్క ఆరినట్టు. దుంగల సంగతి ఆ తర్వాత చూద్దామన్నారు.

బాబాయి దాన్ని కిరాణాకొట్టు కాటా మీద పెట్టి ఫొటో పంపుతున్నాడు. ఈ నెల పద్దెనిమిది గ్రాములు తగ్గింది. కొట్టాయన "పనసముక్క కేజీ ఎంతండీ?" అంటున్నాడట.