తొమ్మిది కేజీల ప్రెజర్

పైపు లైను వేసేశామని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒక్కటే: "హైడ్రో టెస్ట్ అయిందా?" అంటే లైను నిండా నీళ్ళు నింపి, ప్రెజర్ ఎక్కించి, కారుతుందేమో చూసే పరీక్ష. కాలేదంటే ఆ లైను నా లెక్కలో ఇంకా వేయనట్టే. 2024 ఎండాకాలంలో బెంగళూరులో మహదేవపుర వైపు, 1,200 మీటర్ల 300 ఎంఎం డీఐ (డక్టైల్ ఐరన్, ఒక రకం ఇనుము) లైను ఒకటి నాకు ఈ బుద్ధి నేర్పింది.

మాది కదిరి దగ్గర పల్లె. సైట్లో కన్‌స్ట్రక్షన్ మేనేజర్‌ని. 2007లో నగరపాలికలో కలిపిన 110 ఊళ్ళకు కావేరి నీళ్ళిచ్చే ఐదో దశ పనులు అప్పటికి చివరికొచ్చాయి. మండ్య జిల్లా తొరెకాడనహళ్ళిలో నీళ్ళు శుద్ధి చేసి, హారోహళ్ళి, తాతగుణి మీదుగా మూడు చోట్ల పంపులతో ఎత్తిపోస్తూ, సుమారు వంద కిలోమీటర్లు తీసుకురావాలి. రోజుకు 77.5 కోట్ల లీటర్లు. అంత పెద్ద పనిలో మాది చివరి వీధుల్లో మిగిలిపోయిన ఒక ముక్క.

తవ్వకం గురించి ఎక్కువ చెప్పను. బెంగళూరులో రెండడుగులు దిగితే రాయి. ఇళ్ళ మధ్య బ్లాస్టింగ్ కుదరదు, బ్రేకర్‌తో కొట్టుకోవాల్సిందే. కరెంటు కేబుళ్ళు, ఇంటర్నెట్ కేబుళ్ళు, గ్యాస్ లైను ఎక్కడున్నాయో డ్రాయింగ్ ఒకటి చెబుతుంది, ముందుగా తవ్వి చూసే ట్రయల్ పిట్ ఇంకోటి చెబుతుంది. రోడ్డు కటింగ్ పర్మిషన్ రాత్రి పదకొండు నుంచి తెల్లవారి ఐదు వరకే. ఐదింటికల్లా గుంత పూడ్చి బండ్లు వదలాలి. అసలు పద్ధతి ప్రకారం టెస్ట్ అయ్యేదాకా పైపు నడుమ మాత్రమే మట్టి వేసి, జాయింట్లు తెరిచి ఉంచాలి. ఆ రోడ్డు మీద అది జరిగే పనేనా? జాయింట్లన్నీ పూడ్చేశాం.

టెస్టుకు నీళ్ళు కావాలి. లైను నిండాలంటే 85 వేల లీటర్లు, అంటే 12,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు, ఆపైన ఇంకొంచెం. ఆ మార్చిలో ఊరంతా బోర్లు ఎండిపోయి ఉన్నాయి. తాగే నీటిని కార్లు కడగడానికి, తోటలకు, నిర్మాణాలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు నీటి సరఫరా చూసే జలమండలి ప్రకటించింది. మురుగు శుద్ధి చేసిన నీళ్ళు వాడదామంటే, రేపు తాగే నీళ్ళు పారాల్సిన లైనులో అవి పోయలేం. పై ఆఫీసుకు రాసి, అనుమతి కాగితం జేబులో పెట్టుకుని, ఊరి బయట బోరు నుంచి ట్యాంకర్లు తెప్పించాను.

మొదటి ట్యాంకరు గొట్టం తగిలించేసరికి ఎదురింటి అవ్వ బయటికొచ్చింది. అక్కడి పాతకాపుల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నాయి.

"ఏమప్పా, మనుషులకి లేని నీళ్ళు ఆ ఇనప గొట్టానికి పోస్తా ఉండారే?"

"ఈ గొట్టంలోనే రేపు మీ ఇంటికి కావేరి వస్తుందవ్వా. కారుతుందేమో చూస్తున్నాం."

"పదేండ్లుగా వింటానే ఉండా." లోపలికి వెళ్ళిపోయింది. నా దగ్గర జవాబు లేదు.

నీళ్ళు నింపడం కూడా ఓపిక పనే. ఎత్తయిన చోట ఎయిర్ వాల్వు తెరిచిపెట్టి మెల్లగా నింపాలి. గాలి చిక్కితే గేజ్ ముల్లు వణుకుతూనే ఉంటుంది, రీడింగ్ నమ్మలేం. నిండాక ఒక రోజు వదిలేయాలి, లోపలి సిమెంట్ పూత కొంత నీరు పీలుస్తుంది. మా లైనులో మామూలు ప్రెజర్ చదరపు సెంటీమీటరుకు ఆరు కేజీలు, టెస్టుకు దానికి ఒకటిన్నర రెట్లు, తొమ్మిది. చూడ్డానికి చిన్న అంకే గానీ, 300 ఎంఎం పైపు చివర బిగించిన ప్లేటు మీద అది ఆరు టన్నులకు పైనే తోస్తుంది. అందుకే ఆ ప్లేటు ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వను, కన్సల్టెంట్ ఇంజనీరునైనా సరే.

మొదటి రోజు టెస్టు మొదలే కాలేదు. గేజ్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్ గడువు దాటి పన్నెండు రోజులైందని కన్సల్టెంట్ వెనక్కి పంపాడు. ఆ పూట తిట్టుకున్నాను. తప్పు మాదే.

రెండోసారి తొమ్మిదికి ఎక్కించి పంపు ఆపాం. అరగంటలో ముల్లు ఏడున్నరకు దిగింది. గాలేమో అనుకుని మళ్ళీ వదిలి ఎక్కించాం. మళ్ళీ అంతే. రోడ్డు మీద ఎక్కడా తడి లేదు. ఈ బిల్లులో పది శాతం టెస్టు పాసైతేనే వస్తుంది, ఆఫీసు నుంచి రోజుకు నాలుగు ఫోన్లు. టెన్షన్‌తో అన్నం సయించలేదు.

మధ్యలో ఉన్న స్లూయిస్ వాల్వు మూసి రెండు సగాలుగా చూశాం. మొదటి సగం నిలిచింది. రెండో సగంలో తప్పు. ఇక రాత్రి రెండు దాటాక, బండ్ల రొద తగ్గాక, మా మేస్త్రీ గడ్డపార తీసుకున్నాడు. ఆయనది మహబూబ్‌నగర్ వైపు, ముప్పై ఏళ్ళుగా ఇదే పని. పది అడుగులకోసారి గడ్డపార మొన నేలకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వింటూ నడిచాడు. రాజకాలువ (వాన నీళ్ళు పోయే పెద్ద కాలువ) కల్వర్టు దగ్గర ఆగాడు. "ఈడనే సారూ." నేనూ చెవి పెట్టాను. సన్నగా, పాలు పొంగే ముందు వచ్చే చప్పుడు. నీళ్ళన్నీ కల్వర్టు రాళ్ళ సందుల్లోంచి కాలువలోకి పోతున్నాయి, పైకి తడి ఎలా వస్తుంది?

తవ్వకముందు ఆ సగం ఖాళీ చేయాలి, 42 వేల లీటర్లు. కాలువలోకి వదలడానికి మనసొప్పలేదు. పొద్దున ఆరింటికి లైను ఖాళీ చేసే వాష్అవుట్ వాల్వుకు గొట్టం తగిలించి, వీధిలో చెప్పించాను: తాగొద్దు, వాడుకకు పట్టుకోండి అని. పది నిమిషాల్లో ప్లాస్టిక్ బిందెలు, పెయింట్ డబ్బాలు, ఒక పిల్లవాడి టబ్బు కూడా వరసలో ఉన్నాయి. అవ్వ రెండు బిందెలతో వచ్చింది గానీ నాతో మాట్లాడలేదు.

తవ్వితే అది కట్ పీసు, అంటే కోసి వేసిన పైపు ముక్క, జాయింటు. మేస్త్రీ రబ్బరు రింగు తీసి చేతిలో తిప్పి చూపించాడు. కత్తితో గీసినట్టు ఒకవైపు తెగి ఉంది. ఆయన ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. పైపు కోశాక కొసను గ్రైండర్‌తో వాలుగా అరగదీయాలి, లేకపోతే సాకెట్లోకి తోసేటప్పుడు ఆ పదునైన అంచు రింగును కోసేస్తుంది. ఆ ముక్క వేసిన రాత్రి నాలుగున్నరకు జనరేటర్లో డీజిల్ అయిపోయింది. "కొసకు గ్రైండర్ వట్టాలె సారూ, జర ఆగుండ్రి" అని ఆయన అంటే, ఐదింటికి రోడ్డు వదలాలన్న కంగారులో "పర్లేదు, సబ్బునీళ్ళు పూసి తోసెయ్" అన్నది నేనే.

కొత్త కట్ పీసు, ఎంజే కాలరు (బోల్టులతో బిగించే జాయింటు) వేసి, మళ్ళీ నింపి, మళ్ళీ ఒక రోజు ఆగి ఎక్కించాం. ముల్లు తొమ్మిది దగ్గరే నిలబడింది. కన్సల్టెంట్ ఫోటో తీసుకుని సంతకం పెట్టాడు. తర్వాత బ్లీచింగ్, ఫ్లషింగ్ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. పద్దెనిమిది రోజులు పోయాయి. రిపోర్టులో కారణం దగ్గర "మేస్త్రీ పనితనం" అని ఆఫీసులో టైపు చేసి పంపారు. అది కొట్టేసి, నా ఆదేశం అని రాసి పంపాను. ఒక వారం ఎవరూ సరిగా మాట్లాడలేదు.

అక్టోబర్ 16న తొరెకాడనహళ్ళిలో ఐదో దశను ప్రారంభించారు. మా వీధి దాకా నీళ్ళొచ్చాక ఒక ఆదివారం అటు వెళ్ళాను. అవ్వ ఇంటి ముందు ట్యాంకరు ఆగి ఉంది.

"లైను వచ్చింది కదవ్వా, కనెక్షన్ తీసుకోలేదా?"

"డిపాజిట్ కట్టాలంట కదప్పా. నా కొడుకు దసరా బోనస్ అన్నాడు, ఇప్పుడు ఉగాది అంటా ఉండాడు. నువ్వు ఆ గొట్టం మళ్ళీ తెరవరాదా?"