సింథసైజర్‌లో బయాతీ అనే అరబ్ రాగం పలికించడానికి పడ్డ పాట్లు: నా అనుభవం

ఉద్యోగం షార్జాలో, రాత్రయితే ల్యాప్‌టాప్‌లో మ్యూజిక్ చేసుకుంటుంటా. ఇక్కడికొచ్చాక లెబనాన్ గాయని యాస్మిన్ హమ్దాన్, పాలస్తీనా-జోర్డాన్ బ్యాండ్ 47సోల్ లాంటివాళ్ళని విని విని, అరబ్ మకామ్‌లో (మన రాగం లాంటిది) మెలొడీ పెట్టి కింద ఎలక్ట్రానిక్ బీట్ నడిపే పాట ఒకటి నేనూ చెయ్యాల్సిందే అనిపించింది.

హిజాజ్‌కార్ మకామ్‌తో ఏ ఇబ్బందీ రాలేదు, దాని స్వరాలు మన మాయామాళవగౌళవే కదా, చిన్నప్పుడు సరళీస్వరాలు పాడినవాళ్ళకి చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది. అసలు కష్టం బయాతీతో. రిషభం శుద్ధంగా పాడితే హనుమతోడి, చతుశ్రుతి పాడితే నటభైరవి, బయాతీ రిషభం ఈ రెండిటికీ నడుమ ఎక్కడో ఉంటుంది, కీబోర్డులో దానికి మెట్టే లేదు. ఏబుల్‌టన్ లైవ్ 12 అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ట్యూనింగ్ మార్చుకోవచ్చు కాబట్టి చతుశ్రుతి రిషభాన్ని 50 సెంట్లు, అంటే కీబోర్డులో సగం మెట్టు, దించా. లెక్క సరిపోయింది గానీ ప్రాణం లేదు. నాకు ఊద్ (మెట్లు లేని అరబ్ తీగ వాయిద్యం) నేర్పే ఉస్తాద్ సిరియాలోని అలెప్పో ఆయన, అది విని ఏం మాట్లాడకుండా ఊద్ తీసి తీగ మీద వేలు వెంట్రుకవాసి వెనక్కి జరిపి మీటారు, అంతే, వెంటనే బయాతీ వచ్చేసింది! రాస్త్ అనే ఇంకో మకామ్‌లో కంటే బయాతీలో ఆ నోటు కొంచెం కిందే ఉండాలంట. ఇక అంకెలు పక్కన పెట్టి చెవికి నచ్చేదాకా దించుకుంటూ పోయా.

తర్వాత కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు. పాప్ అలవాటులో ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే కార్డ్స్) వేస్తే ఆ రిషభంతో కొట్టుకుంటుంది, అందుకని కార్డ్స్ మొత్తం తీసేసి బేస్‌ని షడ్జమం, మధ్యమం మీదే నిలబెట్టి, ఊద్, సింథ్ రెండూ ఒకే వరసని ఎవరి గమకంతో వాళ్ళు వాయించేలా పెట్టా. బీట్ మక్సూమ్ అనే అరబ్ తాళం, దుమ్ తక్, తక్ దుమ్, తక్ అని నడుస్తుంది (దుమ్ లోతు దెబ్బ, తక్ పదును దెబ్బ), కిక్ డ్రమ్ రెండు దుమ్‌ల మీదే పడాలి, నాలుగు మాత్రల మీదా కొడితే దర్బూకా (చేత్తో వాయించే అరబ్ డ్రమ్) వినపడదు.

అరబ్ సంగీతానికి మెషీన్లు నప్పవు అనేవాళ్ళతో నేనొప్పుకోను, 1944లోనే కైరోలో ఈజిప్టు స్వరకర్త హలీమ్ అల్ దబ్హ్ జార్ అనే, ఆత్మల్ని శాంతింపజేసే వేడుకని వైర్ రికార్డర్‌లో (తీగ మీద శబ్దం రికార్డ్ చేసే యంత్రం) పట్టి, ఆ శబ్దాన్నే మార్చి సంగీతం చేశాడు.

ఇప్పుడు రాస్త్ మొదలెట్టా. అందులో గాంధారం, నిషాదం రెండూ నడిమి స్వరాలే, అందుకే ఈసారి ముందు ఉస్తాద్ ఊద్ రికార్డ్ చేసుకుని దానికే సింథ్‌ని ట్యూన్ చేస్తున్నా.