పాప ఫోటోల్లో నా చేతులు

ఫోన్ నిండా పాప ఫోటోలే. వాటిలో నేనంటే పాప మెడ కింద పట్టిన అరచెయ్యి, అంతే.

పురుడై ఆరు వారాలైనా ఏడుపు ఆగలేదు. పాప పడుకున్నా నాకు కునుకు పట్టేది కాదు. ఇంట్లో ‘బాలింత నీరసం’ అన్నారు. మొదటి రెండు వారాలకైతే ఆ మాట సరే, దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడ ఇచ్చిన ఎడిన్‌బరో పత్రంలో (పురుడయ్యాక వచ్చే డిప్రెషన్‌ను పట్టుకునే ప్రశ్నల పట్టీ) 10 ప్రశ్నలు, గడిచిన 7 రోజుల గురించి. మార్కులు పెరిగేకొద్దీ దిగులు ఎక్కువన్నమాట, 30కి నాకు 19 వచ్చాయి. పదో ప్రశ్న ప్రాణానికి హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి ‘ఎప్పుడూ లేదు’ కాక మరే జవాబు వచ్చినా మొత్తం మార్కులతో పనిలేదు, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేయడానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416.

డిప్రెషన్‌కిచ్చే సెర్ట్రలిన్ మాత్ర పాలిస్తూనే వేసుకున్నాను, పాలలోకి చేరేది చాలా తక్కువ. గుణం తెలిసింది నాలుగో వారంలో. మానేద్దామనిపించింది మాత్రం రెండో వారంలోనే.

పాపతో నేనూ కనబడేలా ఫోటోలు తీసుకోవడం మందు కాదు, మందు పట్టాకే మొదలుపెట్టాను. 19వ శతాబ్దపు స్టూడియోల్లో కెమెరాలోని ప్లేటు మీద బొమ్మ పడటానికి సెకన్లు పట్టేది. బిడ్డ కదలకుండా తల్లి ఒళ్లో పట్టుకునేది, ఫోటోలో బిడ్డే కనబడాలని ఆమె మీద దుప్పటి కప్పేసేవాళ్లు. తలకు గుడ్డ, చెవుల్లో దూదితో కూర్చున్న నాకు ఆ దుప్పటి కొత్తగా అనిపించలేదు.

దాన్నే తిరగేశాను: తల్లి కదలదు, బిడ్డే కదులుతుంది. ఫోన్ కెమెరాలో అన్నీ మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) 50, షట్టర్ తెరిచి ఉండేది అర సెకను, టైమర్ 10 సెకన్లు, ట్రైపాడ్. కిటికీ పక్కన, పొద్దు వాలాక. మధ్యాహ్నం తీస్తే అంతా తెల్లగా మాడిపోతుంది, చాలా ఫోన్లలో లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేయలేం మరి. నేను కూర్చునే చోట దిండు నిలబెట్టి దాని మీద ఫోకస్ పెట్టి వదిలేస్తాను. ఆటో ఫోకస్‌లో ఉంచితే అది పాప వెంట పోయి నా మొహం మసకేస్తుంది. వీపు గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టకుండా వదిలేయాలి, బిగబడితే భుజాలు వణుకుతాయి. షట్టర్ రెండు సెకన్లైతే పాప పొగలా మాయం, సెకనులో 1/15 వంతైతే ఏదో చెయ్యి తగిలి చెడిన ఫోటోలా ఉంటుంది. ఫ్యాన్, ట్యూబులైటు రెండూ ఆపాలి. లేకపోతే జుట్టు చెదురుతుంది, మొహం రెండు రంగులు.

ఇరవైకి రెండు నిలుస్తాయి. మిగతావి ఆ రోజే చెరపొద్దు. మనసు బాగోలేని రోజు ప్రతిదాంట్లోనూ మన మొహమే వికారంగా కనబడుతుంది, వారం ఆగి చూడాలి. ఒక్కోదానికీ తేదీ, మాత్ర మోతాదు, నిద్రపోయిన గంటలు రాసేదాన్ని. ‘ఎలా ఉన్నారమ్మా’ అంటే మాట పెగలని రోజు డాక్టరుగారి చేతికి ఫోనిచ్చేసేదాన్ని. ఆవిడ ముందు చూసేది ఫోటో కాదు, నిద్ర గంటలు.