పవర్డ్ హ్యాంగ్ గ్లైడరా, అల్ట్రాలైటా?

త్రికోణపు గుడ్డ రెక్క కనబడగానే హ్యాంగ్ గ్లైడర్ అనేస్తుంటారు. ఆ రెక్క హ్యాంగ్ గ్లైడర్‌కే కాదు, అల్ట్రాలైట్ అనే బాగా తేలికైన చిన్న విమానానికీ ఉండొచ్చు కాబట్టి ముందు పైలట్ కాళ్ళు చూడండి.

పవర్డ్ హ్యాంగ్ గ్లైడర్ పైలట్ రెక్కను భుజాలకెత్తుకుని పరిగెత్తి లేస్తాడు, గాల్లో రెక్కకు వేలాడే హార్నెస్‌లో (ఒంటికి బిగించుకునే పట్టీల సంచిలో) బోర్లా పడుకుంటాడు. స్వీడన్ మస్కిటో లాంటివాటిలో చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్, ప్రొపెల్లర్ ఆ హార్నెస్‌కే బిగించి ఉంటాయి. తంటా అంతా నేల దగ్గరే. గాలి లేని రోజు అంత బరువుతో పరుగు చాలకముందే ముక్కెత్తితే రెక్క స్టాల్ అయి (గాల్లో నిలిపే బలం పోయి) కూలబడుతుంది. పరుగుకు ముందు హార్నెస్ కొక్కెం రెక్కకు తగిలించారో లేదో వేలాడి చూసుకోవాలి. ఇది మరిచిపోయి పోయిన ప్రాణాలున్నాయి.

మామూలుగా అల్ట్రాలైట్ అనేవాటిలో రెండు రకాలు. అలాంటి రెక్క కిందే సీటు, మూడు చక్రాలు, వెనక ఇంజిన్ పెడితే ట్రైక్. ఇక మామూలు విమానంలా తోక, చేత్తో పట్టుకునే స్టిక్, పెడళ్ళతో కదిలే రడ్డర్ (తోక చుక్కాని) ఉన్నవి త్రీ యాక్సిస్ రకం.

అమెరికా చట్టానికి ఈ తేడాలు పట్టవు. అల్ట్రాలైట్ల కోసం పెట్టిన 1982 నాటి పార్ట్ 103 అనే విమానయాన నిబంధన ప్రకారం ఇంజిన్ ఉన్న అల్ట్రాలైట్‌లో ఒక్కరే ఎక్కాలి. ఖాళీ బరువు 254 పౌండ్ల (115 కిలోల) లోపుండాలి, ఫ్లోట్లు, పారాచూట్ లాంటివి లెక్కలోకి రావు. ఇంధనం 5 గ్యాలన్లు, ఫుల్ పవర్‌లో సమతల వేగం 55 నాట్లు (గంటకు దాదాపు 102 కి.మీ.), ఇంజిన్ ఆపినప్పటి స్టాల్ వేగం 24 నాట్లు మించకూడదు. ఆ లెక్కన పవర్డ్ హ్యాంగ్ గ్లైడరూ అల్ట్రాలైటే, రెండు సీట్ల ట్రైక్ మాత్రం కాదు. మన ఎన్‌సీసీ కేడెట్లు ఎగిరే వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 విమానాన్ని ఇక్కడ మైక్రోలైట్ అంటారు. రెండు సీట్లున్న అదీ అక్కడి అల్ట్రాలైట్ కోవలోకి రాదు.

నా మటుకు అసలు తేడా చేతుల్లో ఉంది. హ్యాంగ్ గ్లైడర్‌లో, ట్రైక్‌లో కంట్రోల్ బార్‌ను ముందుకు తోస్తే పైలట్ బరువు రెక్కకు వెనక్కి జరిగి ముక్కు లేస్తుంది, వేగం తగ్గుతుంది. స్టిక్ ఉన్నదాంట్లో ముక్కు లేవాలంటే వెనక్కి లాగాలి. ఒకదానికి అలవాటుపడ్డ చెయ్యి రెండోదాంట్లో, నేలకు రెండు మీటర్ల ఎత్తున, కంగారులో పాత పనే చేస్తుంది. లేవాల్సిన ముక్కు నేలలోకి దిగుతుంది. పెడళ్ళూ అంతే: ట్రైక్ ముందు చక్రాన్ని నేరుగా కాళ్ళతో తిప్పుతారు, కుడికాలు తోస్తే బండి ఎడమకు పోతుంది. రడ్డర్ పెడల్ అయితే కుడికే తిరుగుతుంది. అందుకే రకం మారేవాళ్ళు ముందు ఇంజిన్ స్లోలో పెట్టుకుని, నేలమీదే చాలాసేపు నడిపి కాళ్ళకు అలవాటు చెయ్యాలి.