స్కోరు సగం పటింగ్‌దే

గోల్ఫ్‌లో స్కోరు (కొట్టిన షాట్ల లెక్క) తగ్గాలంటే డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పొడవాటి కర్రతో, ఇంకా దూరం కొట్టాలంటారు చాలామంది. నాకైతే పటింగే, అంటే బంతిని కప్పులోకి (గుంటలోకి) మెల్లగా నెట్టడమే ముఖ్యం. పార్ 72 కోర్సులో, అంటే 18 గుంటల్ని 72 షాట్లలో ముగించాల్సిన మైదానంలో, గ్రీన్‌కి (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డికి) రెండు చొప్పున 36 షాట్లు దానికే, అంటే సరిగ్గా సగం! రెండొందల గజాలు కొట్టినా ఒకటే లెక్క, జానెడు దూరం నుంచి కప్పులోకి నెట్టినా ఒకటే లెక్క.

అందుకే ఈమధ్య విశాఖ ముడసర్లోవ గోల్ఫ్ కోర్సుకి పొద్దున్నే వెళ్లి, ముందు ప్రాక్టీస్ గ్రీన్ మీదే ఉంటున్నా. మంచు తడి ఆరకముందు బంతి నెమ్మదిగా దొర్లుతుంది, వెనకాలే సన్నటి చార పడుతుంది. ఎండెక్కాక అంతే బలంతో నెడితే కప్పు దాటిపోతుంది. కప్పు వెడల్పు 4.25 అంగుళాలే మరి. "ముందు దూరం చూసుకోండి సార్, లైను తర్వాత" అంటాడు మా కేడీ (కర్రల సంచి మోసే సహాయకుడు). బంగారం లాంటి మాట. అది పట్టుకున్నాక మూడో పట్ అవసరం బాగా తగ్గింది, ఆటలో టెన్షన్ కూడా పోయింది. ఈ ఆదివారం ఎవరైనా వస్తారా?