తీగ ఉండనీ

పదకొండున్నర దాటింది. అమ్మ పడుకుంది. తమ్ముడు ఫోన్‌లో అన్న మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది: "డీఇంటర్లేస్ నొక్కితే పోయేదానికి ఇన్ని రోజులా అక్కా?" పాత వీడియోలో కదిలేవాటి అంచున వచ్చే గీతలు పోగొట్టే సెట్టింగ్ అది.

కనుమకి వాడికి ముప్పై సెకన్ల స్టేటస్ కావాలి. 2006లో మా ప్రభ, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి భుజాల మీద మోసుకెళ్లే దేవుడి ప్రభ, కనుమ నాడు కోనసీమ ప్రభలు చేరే జగ్గన్నతోటకి బయల్దేరినప్పటి క్లిప్పు. ప్రభకి అడ్డంగా కనిపించే కరెంటు తీగ తీసేసి ఇవ్వాలి. నేను రోజూ చేసే పనే కదా, ఒక పూటలో అయిపోతుందనుకున్నాను.

ముందు ఆ షాపు సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పదేళ్ల కిందట క్యాసెట్ ఇస్తే హెచ్‌డీ చేశామంటూ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. 576 అడ్డగీతల బొమ్మని, అందులో కలిసున్న రెండు సగాలు (ఫీల్డులు) విడదీయకుండానే 1080 గీతలకి సాగదీశారు. అది తీసిన హ్యాండీక్యామ్ ఫ్రేమంతా ఒకేసారి తీయదు. ముందు గీత విడిచి గీత 288 తీస్తుంది, సెకనులో యాభయ్యో వంతు గడిచాక మిగిలిన 288 తీస్తుంది. పాత డబ్బా టీవీలో అవి ఒకదాని వెంట ఒకటి పడేవి కాబట్టి తేడా తెలిసేది కాదు. కంప్యూటర్లో రెండూ ఒకే బొమ్మలో కూర్చుంటాయి, కదిలే ప్రతిదాని అంచుకీ దువ్వెన పళ్ళు వస్తాయి. పళ్ళు ఉంటే నయం, ఏ గీత ఏ క్షణానిదో తెలుస్తుంది, విడదీసుకోవచ్చు. సాగదీస్తే గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇక ఏ సెట్టింగూ పనిచేయదు. డబ్బులు తీసుకుని మరీ నాన్న ముఖం మీద అలలు అలలుగా మరకలు చేసి ఇచ్చారు. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు.

క్యాసెట్ అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉండబట్టి సరిపోయింది. కెమెరా, దాన్నించి వీడియో ఎక్కించే ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాత ల్యాప్‌టాప్ తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకుని మళ్లీ ఎక్కించాను. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ముందు అప్పర్ ఫీల్డ్ ఫస్ట్ (పై గీతల సగం ముందు) పెట్టి చూస్తే ప్రభ మోసేవాళ్లు అడుగు ముందుకి, అరడుగు వెనక్కి ఊగారు. లోయర్‌కి మార్చగానే నడక సాఫీ అయింది. ఈ క్యాసెట్ రకం డీవీకి లోయరే అని తెలుసు, అయినా కళ్ళతో చూడందే నాకు నమ్మకం కుదరదు. ఫీల్డులు విడదీశాక సెకనుకి యాభై బొమ్మలు. ముప్పై సెకన్లకి 1500. ప్రభ అంచు గీసుకుంటూ అన్నిట్లోనూ తీగ చెరపాలి.

సాయంత్రం దాకా చెరుపుతూనే ఉన్నాను. రెండొందలు దాటాక ఒక బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పళ్ళున్నప్పుడు ముక్కలు ముక్కలుగా చెదిరి కనిపించిన సన్నటి గీత ఇప్పుడు తిన్నగా నిలబడింది. వెదురు కర్ర. దాని కొస తీగకి ఆనుకుని ఉంది. కింద, తువ్వాలు నడుముకి బిగించి, మెడ వెనక్కి వంచి నాన్న.

భోగి నాడు నాన్న నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని, రావిచెట్టు నుంచి కాలవ గట్టు దాకా ఎక్కడెక్కడ తీగ కిందకి జారిందో చూసుకుంటూ వెళ్లేవాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టేదాన్ని. కర్ర కొసకి గోనెపట్టా చుట్టి పురికొసతో ఆయనే కట్టేవాడు. కనుమ పొద్దున్న లైన్‌మాన్ కరెంటు తీశాడని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాకే కర్ర ఎత్తేవాడు. ప్రభ కింద "అశ్శరభ శరభ" అని అందరూ అరుస్తుంటే ఆయన నోరు మాత్రం కదిలేది కాదు, చూపంతా తీగ మీదే. ప్రభ దాటాక అరచేతులు ఎర్రగా ఉండేవి. ప్రభకి భుజం పట్టలేదని బాధపడ్డావా నాన్నా అని ఒకసారి అడిగాను. "తీగ ఎత్తకపోతే ప్రభ ఎలా వెళ్తుందే" అన్నాడు.

ఆ తీగ చెరిపేస్తే నాన్న ఉత్త గాల్లోకి కర్ర ఎత్తి నిలబడినట్టుంటుంది.

చెరిపిన రెండొందలూ వెనక్కి తెచ్చేశాను. పొద్దున్న తమ్ముడికి చెప్పాలి, తీగతోనే ఇస్తానని. వాడు ఒప్పుకోకపోతే స్టేటస్ లేదు. పళ్ళ మీద కోపం కూడా పోయింది, వాటి మూలంగానే కదా ఒక్క ఫ్రేములో నాన్నవి రెండు బొమ్మలు దొరికాయి.

రెండర్, అంటే వీడియో ఫైలు తయారవడం, అరవై శాతం దగ్గర ఉంది. క్యాసెట్‌లో ఇంకా నలభై నిమిషాలు ఎక్కించాలి. అమ్మ నిద్ర లేవగానే కర్ర కొస తీగకి తగిలిన ఆ ఒక్క బొమ్మ పెద్దది చేసి చూపిస్తాను.